సుంకులమ్మ లైకు

సుంకులమ్మ ఫోన్ మంగళవారం నాడు పోయింది. ఆదోనిలో యూసుఫ్ సాబ్ బట్టల అంగడి ముందు దుప్పట్ల మూట దించి, జేబులు తడుముకున్నాక గాని నరసన్నకు ఆ సంగతి తెలియలేదు. ఒక జేబులో తన ఫోన్ ఉంది. భార్య ఫోన్ ఉండే రెండో జేబు ఖాళీ.

"సాబ్, మా ఆడమనిషి ఫోన్ లేదు."

"సరిగ్గా చూడప్పా. ఎమ్మిగనూరులోనే మరిచి వచ్చినావేమో."

"లేదు సాబ్. మూట కట్టేటప్పుడు కూడా ఉండె."

యూసుఫ్ సాబ్ ఆ నంబరుకు చేసి చూశాడు. స్విచాఫ్ అని వచ్చింది.

"పోతే పోనీలే నరసన్నా. సుంకులమ్మే పోయి ఏడాదాయె. ఇంకా ఆ ఫోన్‌తో నీకేం పని?"

నేసిన ప్రతి దుప్పటినీ ఫోటో తీసి తన పేజీలో పెట్టడం నరసన్నకు అలవాటు. సాబ్ కూడా వాటిని చూస్తూనే ఉంటాడు.

"నేను పెట్టినవాటికి దాంట్లోంచి లైకు కొడతాండా సాబ్."

సాబ్ పకపకా నవ్వాడు. "అరె! అంటే నీ దుప్పటికి నువ్వే బేష్ అనుకుంటాండావా? సుంకులమ్మ పేరు కనపడినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తాండె కదప్పా!"

"ఆమె ఉన్నప్పుడు మొదటి లైకు ఎప్పుడూ ఆమెదే. ఇప్పుడు ఆమె తరఫున నేను కొడితే తప్పేముంది?"

"బాగుందని ఆమె తరఫున నువ్వే అంటివి, సరే. బాగలేదని ఎప్పుడన్నా ఆమె తరఫున అంటివా?"

నరసన్న మూట తాడును ఇంకాస్త బిగించాడు.

"మొదట ఎప్పుడు కొట్టినావు?" సాబ్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఆమె పోయిన మూడోనాడు. ఆమె ఫోటో పెట్టి, కడదాకా పక్కనే ఉండి చూసుకున్నా అని రాస్తి. రెండు వందల నాలుగు మంది కొట్టిరి, ఆమె ఫోన్‌లోంచి నేను కొట్టింది కలిపి. ఆమె పేరు లేకుంటే ఎట్లనో అనిపిచ్చె సాబ్."

సాబ్ టీ తెప్పించాడు.

మగ్గం దిగిన బట్ట ఏదైనా సుంకులమ్మ అరచెయ్యి తగలకుండా ఇల్లు దాటేది కాదు. పోగు తెగిన చోట ఆమె చెయ్యి ఆగిపోయేది. అక్కడ అంచుకు ఎర్ర దారం ముడి వేసేది. తప్పు యాడుందో కొనేవాళ్లకు మనమే సెప్పాల అనేది. ఆమె పోయాక ఆ ఎర్ర దారం కండె గూట్లో అలాగే ఉంది.

బుధవారం మధ్యాహ్నం నరసన్న కొత్త దుప్పటి ఫోటో పెట్టాడు. ఫోన్ పక్కన పెట్టేలోపే అది చిన్నగా అదిరింది. తెర మీద 'సుంకులమ్మ లైక్ చేశారు' అని ఉంది.

ఆయన వెంటనే ఆమె నంబరుకు చేశాడు. స్విచాఫ్. దొరికినవాళ్లెవరో ఆడుకుంటున్నారనుకున్నాడు. కానీ ఆ ఫోన్ లాక్ తీయడం తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

గురువారం ఇంకో దుప్పటి తీశాడు. దాని మూల మూడు పోగులు తెగాయి. ఆ మూల కనిపించకుండా మడిచి ఫోటో తీసి పెట్టాడు. చాలామంది బాగుందన్నారు. సుంకులమ్మ పేరు రాలేదు. పొద్దు వాలేదాకా చూశాడు. రాలేదు.

నరసన్న లేచి గూట్లోంచి ఎర్ర దారం తీశాడు. అంచుకు ముడి వేశాడు. మడత విప్పి, తెగిన మూల కనిపించేలా మళ్లీ ఫోటో తీశాడు. 'ఈ మూల మూడు పోగులు తెగినాయి' అని కింద రాసి పెట్టాడు.

తెర మీది వేలు ఇంకా ఎత్తనే లేదు. సుంకులమ్మ లైకు వచ్చింది.

ఆయన మెల్లగా తల తిప్పి చూశాడు. కండెలు చుట్టే రాట్నం దగ్గర ఆమె పీట ఖాళీగానే ఉంది.

శుక్రవారం పొద్దున్నే యూసుఫ్ సాబ్ ఫోన్ చేశాడు.

"నరసన్నా, దొరికె! నువ్వు దించిన మూటలోనే ఉండాది, దుప్పటి మడతలో. మూట కట్టేటప్పుడే జారిపోయినట్టుంది. ఇప్పుడే విప్పితి. ఛార్జి అయిపోయి మంగళవారం నుంచి ఈడనే పడుండాది."

"ఎవరూ ముట్టుకోలేదా సాబ్?"

"నువ్వు కట్టిన తాడు కట్టినట్టే ఉంటే ఎవరు ముట్టుకుంటారప్పా? ఛార్జి పెట్టాల్నా?"

"వద్దు సాబ్."

నరసన్న ఫోన్ పెట్టేశాడు. పేజీ తెరిచి, ఒక్కో పోస్టూ దాటుకుంటూ ఏడాది కిందికి పోయాడు. గురువారం మూల మడిచి తీసినదాని కింద తప్ప, దుప్పట్లన్నిటి కిందా సుంకులమ్మ పేరు ఉంది. చివరికి ఆమె ఫోటో వచ్చింది. దాని పక్కన తాను రాసిన మాట. కింద రెండు వందల మూడు లైకులు.

పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. సుంకులమ్మ పేరు లేదు.

మార్చడానికి ఆ పోస్టు తెరిచి ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఆమె చనిపోయిన రోజు ఎద పట్టేసిందని మూడుసార్లు పిలిచినా, రెండు మూరలే మిగిలాయని తాను మగ్గం గుంతలోంచి లేవలేదన్న మాట మాత్రం ఇంకా రాయలేదు.