ముందు భోజనం

నరసాపురంలో భార్య పెద్దమ్మ ఇంటి ముందు శశిభూషణ్ టాక్సీ దిగేసరికి పదకొండున్నరయింది. మూడింటికల్లా బయల్దేరకపోతే నిడదవోలులో హైదరాబాదు రైలు అందదు.

మస్కట్ నుంచి నిన్ననే ఒక్కడూ వచ్చాడు. భార్య ఫణిశ్రీ వచ్చే విమానం రేపు పొద్దున హైదరాబాదులో దిగుతుంది. ఆ వేళకు పెద్దమ్మ కనకవల్లి అక్కడ ఉండి తీరాలి. తల్లి లేని ఫణిశ్రీని మూడో ఏటి నుంచి పెంచింది ఆవిడే. హిందీ టీచరుగా రిటైరైంది. పెళ్లిళ్లకు రమ్మన్నా ఊరు కదలని మనిషి. పక్కింట్లో ఫోనుంది కానీ, పక్కింటివాళ్ల నోట చెప్పించే సంగతి కాదిది. తనే చెప్పాలి, తనే వెంటబెట్టుకుని వెళ్లాలి. ఎలా మొదలుపెట్టాలో దారంతా వల్లించుకుంటూ వచ్చాడు.

చప్పుడు విని కనకవల్లి గుమ్మంలోకి వచ్చింది. టాక్సీ వెనక సీటు వైపు చూసింది. తర్వాత అతని మొహం చూసింది.

“రండి అల్లుడుగారూ. కాళ్లు కడుక్కోండి.”

“అత్తయ్యగారూ, మీతో ఒక మాట...”

“మాటలకేముందండి, ఎక్కడికి పోతాయి? ముందు కాఫీ తాగండి.”

కాఫీ ఇచ్చి, అతను గ్లాసు కింద పెట్టేలోగా వంటింట్లోకి వెళ్లిపోయింది. గోదావరి జిల్లాలవాళ్లు మర్యాదతోనే మనిషిని చంపుతారని మస్కట్‌లో స్నేహితులు వేళాకోళం చేస్తే అతనూ నవ్వేవాడు. ఇప్పుడు మాత్రం చిరాకేసింది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

“మీరు నాలుగు బట్టలు సర్దుకోవాలండి. మూడింటికి మనం...”

“మూడింటికి కదా, బోలెడు టైముంది. పనసపొట్టు కూర తింటారా, కంద బచ్చలి చెయ్యనా?”

“ఏదీ వద్దండి.”

“అయితే రెండూ చేస్తాను.”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈవిడ వద్దన్నా పెట్టేరకం. అతను వీధి అరుగు మీదికి వచ్చి పచార్లు మొదలుపెట్టాడు. టాక్సీ డ్రైవరు బుల్లియ్య గడియారం చూపించాడు.

“ఎంత తొరగా ఎల్తే అంత మంచిదండి. పాలకొల్లు కాడ గేటు పడిందంటే అరగంట పోద్దండి.”

“నాకు తెలుసయ్యా” అని విసుక్కున్నాడు. పాపం, అతని తప్పేముంది.

లోపలి నుంచి కనకవల్లి కూరలు తరుగుతూనే మాట్లాడుతోంది. మస్కట్‌లో మంచినీళ్లు ఎక్కడివని అడిగింది. అక్కడ వానలు పడతాయా అంది. బియ్యం మన బియ్యమేనా అంది. అన్నీ అడిగింది కానీ, పెంచిన పిల్ల ఎలా ఉందని మాత్రం అడగలేదు. మీరొక్కరే వచ్చారేం అని కూడా అనలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అతని పని సులువయ్యేది. ఫణిశ్రీ రోజుకు పదిసార్లు పెద్దమ్మా పెద్దమ్మా అని కలవరించింది ఈ మనిషినేనా అనిపించి ఒళ్లు మండింది.

ఒంటిగంటకు విస్తరి వేసింది. ఒక్కటే వేసింది.

“మీరూ కూర్చోండి. తింటూ మాట్లాడుకుందాం.”

“తినేటప్పుడు మాటలేంటండి. నాది తర్వాత.”

రెండు ముద్దలు తిని వదిలేద్దామనుకున్నాడు. మొన్నటి నుంచి కడుపులోకి నీళ్లూ కాఫీలూ తప్ప ఏమీ పోలేదని ఆ రెండు ముద్దలతోనే తెలిసింది. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కింది. అన్నం మళ్లీ పెట్టించుకున్నాడు. ఇలాంటి రోజున ఇంత ఆకలేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది.

సగంలో తెగించాడు. “అత్తయ్యగారూ, ఫణి...”

“నెయ్యి వేసుకోండి” అంటూ ఆవిడ గరిటె వంచింది. అన్నం మీద పడాల్సిన నెయ్యి విస్తరంతా పడింది.

పేరు కూడా ఎత్తనివ్వదా? అతనికి ఆ విస్తరి ముందు నుంచి లేచిపోవాలన్నంత కోపం వచ్చింది. పళ్లు బిగించి పెరుగన్నం దాకా తిన్నాడు. అరుగు మీద బుల్లియ్యకు కూడా కొసరి కొసరి పెట్టి, ఆవిడ పెరట్లోకి వెళ్లింది. పది నిమిషాలైనా రాదు.

రెండు కావస్తోంది. అతను హాల్లో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇంకెంతసేపు దాటేస్తుందో చూద్దాం, ఈసారి అరటిపండు తెచ్చినా సరే, అరిచయినా చెప్పేస్తానని నిశ్చయించుకున్నాడు.

కనకవల్లి ఖాళీ చేతులతో వచ్చింది. వీధి తలుపు దగ్గరికి వేసింది. చెంగుతో తడి చేతులు తుడుచుకుంటూ, పొద్దుటి నుంచీ మొదటిసారిగా అతని ఎదురుగా కూర్చుంది.

“కబురు చెవిన పడ్డాక మీకు అన్నం పెట్టడానికి ఉండదు కదా బాబూ, నూతి దగ్గర స్నానానికి నీళ్లు తోడి వచ్చాను, ఇప్పుడు చెప్పండి, మా ఫణి పోయి ఎన్ని రోజులైంది?”