చాలని పాలు

"చుక్క లేదు! తల్లివా, ఎండిపోయిన బావివా?"

అత్తగారి గొంతు వెనకగదిలోంచి ముందున్న కొట్టుదాకా వినబడింది. కొట్లో దర్జీ పని చేసుకుంటున్న మామగారు కత్తెర ఆపి తృప్తిగా తలాడించాడు. కోడలిని ఎవరైనా తిడుతుంటే ఆయనకు చెవులు చల్లబడతాయి.

బడి యూనిఫాంలు గుట్టగా పడివున్నాయి. కాజాలు తీయాలి. గుండీలు కుట్టాలి. ఆ పని కోడలిది. ఆమె పురిటి మంచం మీద ఉంది. ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. దర్జీకి జాలి లేకపోలేదు. ఉన్నదంతా ఆ గుట్ట మీదే.

గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. "పాలే లేనప్పుడు ఇంక మంచమెందుకు? పిల్లకి డబ్బాపాలు పట్టండి. సోమవారం నుంచి కోడలు కొట్లో కూర్చోవాలి."

"నేను బతికుండగా నా మనవరాలికి డబ్బాపాలా?" అత్తగారు నడుముకి కొంగు బిగించింది. "ఆస్పత్రిలో నర్సమ్మ ఏం చెప్పింది? పాలు పెరగాలంటే మందులక్కర్లేదంది. పిల్ల అడిగినప్పుడల్లా ఇవ్వాలి. రెండు వైపులా ఇవ్వాలి. పిల్లని ఒంటికి హత్తుకుని పడుకోవాలి. అది నిద్రపోతే తల్లీ నిద్రపోవాలి. తాగేకొద్దీ ఊరతాయంది. ఇంక కాజాలెప్పుడు తీస్తుంది, కాలితోనా?"

"ఎన్నాళ్ళు?"

"ఊరేదాకా."

ఆ రోజునుంచి ఇల్లు తలకిందులైంది.

కొడుకు అన్నం వండాడు. మాడింది. అందరూ నోరు మూసుకుని తిన్నారు. దర్జీ గిన్నెలు తోమాడు. పెళ్ళయిననాటినుంచీ తిన్న కంచం తీసి ఎరగని మనిషి. అత్తగారు మాత్రం కోడలి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. దగ్గరుండి చూసుకోవాలి కదా.

మిషను చప్పుడుకి పాలు చేపవని వెనకగది తలుపు మూయించింది.

"ఆ మాట నర్సు చెప్పిందా?" అన్నాడు దర్జీ.

"అన్నీ నర్సే చెప్పాలా? నేను కనలేదా, పెంచలేదా?"

తిట్లు మాత్రం ఆగలేదు. రోజూ అదే పాట. "ఇంకా చాలట్లేదా? ఏ జన్మలో ఏం పాపం చేశావే!" కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. భుజాలు కదిలిపోయేవి.

కొడుకు చూడలేకపోయాడు. "అలా తిట్టకే అమ్మా. పాపం, ఏడుస్తోంది."

"ఏడవనీ. నువ్వెళ్ళి ఆ పిల్ల గుడ్డలు ఉతుకు."

ఉతికాడు. భార్య కన్నీళ్ళకు అతను చేయగలిగింది అంతే.

ఒకనాడు దర్జీ మనవరాలిని తేరిపార చూశాడు. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి.

"చాలని పాలతో ఈ బుగ్గలెలా వచ్చాయే?"

"వాపండీ అది. వాపు చూసి బలుపనుకునేవాళ్ళుంటారని విన్నాను. ఇవాళ కళ్ళారా చూశాను."

దర్జీ మాటలు నమ్మడు. కొలత నమ్ముతాడు. మెడలోని టేపు తీసి పిల్ల నడుము కొలిచాడు. తొడ కొలిచాడు. "పుట్టినప్పుడు కొలిచాను, నాకు గుర్తుంది. అన్నీ పెరిగాయి!"

"గుడ్డ మడతల మీద కొలిచి కొలతంటారేంటి? ఇందుకే మీరు కుట్టిన లాగులు జారిపోతున్నాయని జనం మొత్తుకునేది."

దర్జీని అనకూడని మాట అది. ఆయన టేపు చుట్టుకుని విసవిసా వెళ్ళిపోయాడు. మళ్ళీ కొలత ఊసెత్తలేదు.

సోమవారం వచ్చింది. కాజాలు దర్జీయే తీశాడు. సూది వేళ్ళలో దిగినప్పుడల్లా ఆస్పత్రినీ నర్సునీ కలిపి తిట్టాడు. కొడుకు గుండీలు కుట్టాడు. ఏ గుండీ ఏ కాజాకీ ఎదురుపడలేదు. తండ్రి వాటిని విప్పించి మళ్ళీ కుట్టించాడు.

మధ్యాహ్నానికి దర్జీ ఓపిక చచ్చింది. కొట్లోంచే కేకేశాడు. "ఏమేవ్! ఇవాళైనా ఊరాయా?"

"ఏం ఊరడం! నా కొడుకు ఖర్మ ఇంతే!"

అంతెత్తున అరిచి, అత్తగారు గది గడియ పెట్టింది. కోడలి పక్కన చేరి, చెవిలో గుసగుసగా అంది:

"జాకెట్టు మళ్ళీ పాలతో తడిసి ముద్దయింది, ఇలా తే తల్లీ, నేనే ఉతికేస్తాను, ఆ మగాళ్ళ కంటపడిందంటే నీ విశ్రాంతీ నా విశ్రాంతీ రెండూ పోతాయి."