పైకెత్తిన గొట్టం

ఎర్ర జీపు వచ్చి పొల్యూషన్ చెకింగ్ వ్యాను ముందు ఆగింది.

శివప్రసాద్ నోటి దాకా తెచ్చిన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

పెద్ద టైర్లు. పక్కనుంచి టాపు దాకా నిలువుగా లేచిన పొగగొట్టం. అదే జీపు! సందేహమే లేదు.

నిరుడు గోదావరి వరదల్లో ఎవరో తీసిన ఫోన్ వీడియోలో ఉన్నది ఇదే. ఏడాదిగా అతను ఆ వీడియో చూడని రోజు లేదు. లంకకు వెళ్లే కాజ్‌వే రోడ్డు మీద నీళ్లు. లంకలో కాపురమున్న చెల్లెలు బేబీని చూడ్డానికి గొడుగేసుకుని బయల్దేరిన నాన్న. నాన్న గుండె పట్టుకుని చెయ్యెత్తాడు. ఈ జీపు ఆగలేదు, నీళ్లు చిమ్ముకుంటూ పక్కనుంచే వెళ్లిపోయింది. వీడియో అంతటితో అయిపోతుంది.

తర్వాత ఎవరో పుణ్యాత్ముడు నాన్నని భుజాన వేసుకొచ్చి అమలాపురం ఆసుపత్రిలో చేర్చాడట. ప్రాణం దక్కలేదు. చివరి గుక్క మంచినీళ్లు ఆయనే పోశాడని, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడని నర్సు చెప్పింది.

అప్పటినుంచి పొద్దున్నే దీపం పెట్టి ఆ పుణ్యాత్ముడికో దణ్ణం, జీపువాడికో శాపం.

ఆ జీపువాడు ఇదిగో, తనంతట తానే వచ్చి చేతికి చిక్కాడు!

"సర్టిఫికెట్టు అయిపోయిందండి. చెక్ చేసిపెడతారా?" దిగిన మనిషి నవ్వాడు. "నా పేరు దానమండి. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులకి మేత తోలతానండి."

శివప్రసాద్ మిషను తగిలించాడు. రీడింగు చూస్తే ఒళ్లు మండిపోయింది. కొత్త బండికి కూడా అంత శుభ్రంగా రాదు.

"ఇవ్వడం కుదరదు."

"పొగ ఎక్కువొచ్చిందాండీ?"

"పొగ సంగతి తర్వాత. ఈ గొట్టం కంపెనీవాడిచ్చిందా? సీ బుక్కులో రాయించేవా?"

"లేదండి. వరదలకని పైకి పెట్టించేనండి. కిందుంటే నీళ్లెక్కి ఇంజను ఆగిపోద్దండి."

"వరదల్లో నీకేం పని? షికారా?"

దానం ఏదో చెప్పబోయాడు. వినేదెవరు! శివప్రసాద్ అప్పటికే ఫొటో తీసి బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి పంపేశాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు దానం జీపుని ఆపాడు. గొట్టం కోయించి, మామూలుది కింద బిగించుకోమన్నాడు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు దానం.

బిగించుకొచ్చాక సర్టిఫికెట్టు ఇస్తూ శివప్రసాద్ మెలిక పెట్టాడు.

"కోసిన గొట్టం ఇక్కడ పడేసి వెళ్లు. మళ్లీ తగిలిస్తావు నువ్వు."

దానం జీపులోంచి గొట్టం తీసి ఇచ్చేశాడు.

ఆ రోజు శివప్రసాద్ ఆనందం చూడాలి! ఇంటికెళ్లి నాన్న ఫొటో ముందు నిలబడ్డాడు.

"వాడి పొగరు కోయించేసేను నాన్నా," అన్నాడు.

ఆగస్టు వచ్చింది. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. కాజ్‌వే మళ్లీ మునిగింది.

దానం వానలో తడుస్తూ వ్యాను దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఆ గొట్టం ఒక్క పూట ఇప్పించండి, వెల్డింగు చేయించుకుంటాను. లంకలో ఒకావిడకి నొప్పులొచ్చేయంటండి. పడవలు కదలట్లేదని ఫోను చేసేరండి."

బేబీది కూడా ఆ లంకే. కానీ చెల్లెలికింకా నెల గడువుంది. ఇంకెవరో అయ్యుంటుందిలే అనుకున్నాడు శివప్రసాద్.

"పాత సామాన్లోడికి అమ్మేసేను."

పచ్చి అబద్ధం. గొట్టం వ్యాను వెనకాలే, టార్పాలిన్ కింద ఉంది.

దానం మొహం మీద వాన నీళ్లు తుడుచుకున్నాడు. "పోనీలెండి. ఎంతదాకా వెళ్తే అంతదాకా వెళ్తానండి," అని జీపెక్కాడు.

వెళ్లరా వెళ్లు. నడినీళ్లలో నువ్వు చెయ్యెత్తినా ఎవడూ ఆగకూడదు. అప్పుడు తెలుస్తుంది నీకు! శివప్రసాద్ కడుపులో ఏడాది మంట చల్లారినట్టయింది.

కాసేపటికి బేబీ నంబరు నుంచి ఫోను. గొంతు బేబీది కాదు.

"బాబూ, నేను పక్కింటి సుందరమ్మనండి. బేబీకి నెల ముందే నొప్పులొచ్చేసేయండి. దానానికి ఫోను చేస్తే వస్తన్నాడు గానీ, బండి కాజ్‌వే మధ్యలో ఆగిపోయిందండి. డాబా మీంచి చూస్తన్నాను."

"వాణ్ణా పిలిచేరు?" శివప్రసాద్ అరిచాడు. "మా నాన్న గొడుగు పట్టుకుని చెయ్యెత్తితే ఆగనోడండి వాడు!"



"ఆ గొడుగాయన మీ నాన్నగారా బాబూ? వానలో మొహం పోల్చుకోలేకపోయేనండి. ఆ జీపులో నేనే ఉన్నానండి. పాము కరిచిన మా మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని! 'వరద తోసేస్తంది పిన్నిగారూ, మీతో ఆపితే అందరం పోతాం. మిమ్మల్ని దింపేసి నేనొక్కణ్ణీ వస్తాను' అన్నాడండి. మమ్మల్ని గట్టున ఆటో ఎక్కించి వెంటనే వెనక్కి తిరిగేడండి."

శివప్రసాద్ వ్యాను వెనక్కి పరుగెత్తి టార్పాలిన్ లాగేశాడు.

"ఇప్పుడెక్కడున్నాడండీ?"

"బండొదిలేసి నడిచొస్తన్నాడండి. పీకల దాకా నీళ్లు. ఇదిగో, అవతల రేవు నుంచి గవర్నమెంటోళ్ల మోటారు బోటొచ్చేసింది, బేబీని ఎక్కించేస్తన్నారు. బేబీకి భయం లేదు బాబూ. ఆ మనిషే... ఓలమ్మో! కనబడట్లేదండీ!"

నాన్న నోట్లో చివరి గుక్క నీళ్లు పోసిన పుణ్యాత్ముడికి ఆ పొద్దున కూడా దణ్ణం పెట్టుకుని వచ్చిన శివప్రసాద్, ఆయన గొట్టాన్ని గుండెలకు పట్టుకుని వానలో నిలబడిపోయాడు.