కవరు కింది బండి

"చైనుకి ఆయిల్ పెట్టమని నీకు ఎన్నిసార్లు చెప్పాలి జడ్సన్?" ఆగిపోయిన బండి వెనక సీటు దిగకుండానే కసిరినాడు నరేంద్రబాబు.

రోజూ ఆయన్ని నెల్లూరు ఆఫీసుకి ఎక్కించుకుపోయే జడ్సన్ చెమట తుడుచుకున్నాడు. "వెనక్కిపోయి నీ బండి తీద్దాం, అన్నా."

"సముద్రం గాలిరా! బయటికి తీస్తే తుప్పు పడుతుంది."

అయినా వేరే దారి లేదు. అల్లూరులోని ఇంటిదాకా జడ్సన్ బండి తోసినాడు. నరేంద్రబాబు పక్కనే నడుస్తా, క్లచ్ ఎట్లా పట్టుకోవాలో చెప్పినాడు.

వరండాలో తన బండి మీది కవరుని గుడిలో తెర తీసినంత భక్తిగా తీసినాడు. "చూడు, కొని మూడేళ్లు. షోరూములో ఉన్నట్టే లేదూ? మెయింటెనెన్స్ అంటే ఇదీ!" అంటా ఇంజను మీద చెయ్యేసి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

ఇంజను కాలిపోతా ఉంది.

అలికిడికి ఆయన భార్య రేవతి బయటికొచ్చింది. చేతిలో హెల్మెట్.

"పాపని కాలేజీలో దించి ఇప్పుడే వచ్చినా. మీరేంది, అప్పుడే వచ్చేసినారు?"

"నా బండి మీద పోయినావా?"

"రోజూ పోతానే ఉండా. ఆదివారం తుడిచేది మీరు. గాలి పట్టించేది, ఆయిల్ మార్పించేది నేను."

జడ్సన్ ఒకడుగు ముందుకొచ్చినాడు. "వదినా, చైనుకి ఏ ఆయిల్ పెడతావు?"

జవాబు చెప్పబోయి నోరు తెరిచినాడు నరేంద్రబాబు.

"నన్ను కదా అడిగింది," అని రేవతి హెల్మెట్ పెట్టుకుంది. "ఎక్కండి, ఆఫీసులో దించుతా. వెనక కూర్చోని సలహాలు మాత్రం చెప్పబాకండి."