హుషారు తొంభై ఎనిమిది

శుక్రవారం పదకొండు గంటలకు మా టీముకు నవ్వుల మీటింగు. ఎవరి ఇంట్లో వాళ్ళం అరగంట హుషారుగా ఉండాలి. తెర మీద మా పేర్లూ అంకెలే కనిపిస్తాయి, మేనేజరమ్మ గొంతొక్కటే వినిపిస్తుంది. మణికట్టు పట్టీ గుండె వేగాన్ని బట్టి హుషారు లెక్కిస్తుంది. అరవై కంటే తగ్గితే కరెంటు కొడుతుంది. మూడోసారి కొడితే ఉద్యోగం పోయినట్టే. మా ఇంట్లో డిగ్రీ చదివిందీ, జీతం తెచ్చేదీ నేనొక్కణ్ణే.

ఆ పొద్దున మా జేజి, అంటే నాయనమ్మ, చనిపోయింది. సెలవడిగితే మీటింగు అయ్యాకే అన్నారు. శవం వసారాలో ఉండగా, లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను.

నవ్వు రాలేదు. పట్టీ రెండుసార్లు కొట్టింది. చర్మం కాలిన వాసన వచ్చింది. భయంతో పెద్దగా నవ్వాను.

తలుపు తన్ని ఓబులేసు మామ లోపలికి వచ్చాడు. నా జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు.

"జేజి పీనుగ ఇంకా ఇంట్లోనే ఉండాది, నీకు ఇకిలింపులారా? సిగ్గుండాల!"

ముక్కులోంచి రక్తం కారింది. దవడ మీద మరొకటి పడింది.

"వావ్, సుంకన్నా! తొంభై ఎనిమిది!" అంది మేనేజరమ్మ. "అందరూ చూసి నేర్చుకోండి!"

మామ చెయ్యి ఆగింది. "ఎవర్రా ఆయమ్మ? దేనికి మెచ్చుకుంటాంది?"

ఉన్నదంతా చెప్పాను. ఈలోగా అంకె ఎనభైకి, డెబ్బైకి, అరవై మూడుకు దిగింది. ఇంకా పన్నెండు నిమిషాలుంది.

ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "కొట్టు మామా."

మామ ఏడుస్తూ కొట్టాడు.