మందను పిలిచే గొంతు

ఫోనుకు తగిలించిన ఒకే పాటల తీగకు రెండు కొసలు. ఒకటి కొడుకు చెవిలో, రెండవది కోడలి చెవిలో.

ఆ తీగ ఉన్నంతకాలం తన మాట ఈ ఇంట్లో చెల్లదని బీరన్నకు తెలిసిపోయింది. పెండ్లయి నలభై దినాలు. విసుగు మొదలై ముప్పైతొమ్మిది.

"శివకృష్ణా! దొడ్డి తడిక తియ్యిరా!"

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. అరుగు మీద ఇద్దరూ ఒకే తాళానికి తలలూపుతున్నారు.

"కొత్త జంట. జర ఓర్సుకో," అనేది భార్య గుర్వమ్మ.

"నేను ఓర్సుకుంట. గొర్లు ఓర్సుకుంటయా?"

ఆ గొర్రెలదీ ఒక తలనొప్పే. సర్కారు పథకంలో మూడు నెలల క్రిందట లారీ దిగిన మంద. పరాయి జిల్లాలో పుట్టిన వాటికి కేతేపల్లి గాలీ కొత్తే, బీరన్న కేకా కొత్తే. నలభై ఏండ్లుగా ఎన్నో మందలను మలిపిన ఆ కేక విని, ఇవి తలలైనా ఎత్తేవి కావు.

కోడలు స్వర్ణ వస్తే మాత్రం వేరు. చేతిలో తవుడు బకెట్టు, ఫోనులో ఏదో ప్రేమపాట, ఆ పాటను మించి ఆమె గొంతు. మంద మొత్తం పరుగెత్తుకొచ్చేది.

"తవుడుకొస్తున్నయి, పాటకు గాదు," అనేవాడు బీరన్న, అడగని వారితో కూడా.

ఒక సాయంకాలం గుర్వమ్మ ఇంట లేదు. ఈనవలసిన గొర్రె నేలబడి కొట్టుకుంటున్నది. పిల్ల అడ్డం తిరిగింది.

రెండు చేతులూ వదలరాని స్థితిలో బీరన్న కొడుకును పిలిచాడు. కోడలిని పిలిచాడు. గొంతు చిరిగేలా పిలిచాడు.

అరుగు మీద పాట నడుస్తూనే ఉన్నది.

గొర్రె బ్రతికింది. పిల్ల దక్కలేదు.

చేతులైనా కడుక్కోకుండా అరుగు ముందుకు వచ్చాడు. కొడుకును ఏమీ అనలేదు. కోడలినే చూశాడు.

"నీ పాట అడుగువెట్టినంక నా దొడ్ల పీనుగ లేచె."

స్వర్ణ చెవిలోని తీగ తీసి, చుట్టచుట్టి, భర్త అరచేతిలో పెట్టింది.

తెల్లవారి పుట్టింటికని చిట్యాల బస్సెక్కింది. "అమ్మకు పానం బాగలేదట," అన్నది. ఆ తల్లి గుండ్రాయిలా ఉన్నదని అందరికీ తెలుసు.

ఇల్లు నిశ్శబ్దమైంది. కోరుకున్నది అదే గదా! బీరన్న విసుగు మాత్రం తగ్గకపోగా పెరిగింది.

శివకృష్ణ ఇప్పుడు పిలవకముందే పలుకుతున్నాడు. చెప్పకముందే పని చేస్తున్నాడు. పళ్ళెంలో అన్నం కలిపి, కలిపినట్టే వదిలి లేస్తున్నాడు.

"పొయ్యి తోల్కరారాదురా," అన్నది తల్లి.

"మాట నాయినన్నడు. నేనేం మొఖం వెట్టుకొని పోవాలె?"

అయిదవనాడు, పొద్దు వాలుతుండగా, పొలం వైపు నుండి పక్క మడి రైతు ఐలేశం అరుపు.

"బీరన్న బావా! నీ మంద నా నారుమడి మేస్తున్నది!"

బీరన్న ఉరికాడు. కేకలేశాడు, కర్ర ఝళిపించాడు. మంద రెండుగా చీలి, మళ్ళీ లేతనారు నడుమనే ఒక్కటైంది.

"నలభై ఏండ్ల కాపరివి," గట్టు మీద నుండి ఐలేశం దెప్పాడు. "గొర్రెకు నువ్వు చెప్పుతున్నవా, నీకు గొర్రె చెప్పుతున్నదా?"

గుర్వమ్మ తవుడు బకెట్టు తెచ్చి మోగించింది. లాభం లేదు.

శివకృష్ణ తన ఫోనులో ఆ పాటే పెట్టాడు. గొర్రెలు చెవులు కదిపి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ మేతలో పడ్డాయి.

"తవుడుకూ గాదు, పాటకూ గాదు," అన్నది గుర్వమ్మ. "కోడలుపిల్ల గొంతుకొస్తయవి. ఫోన్ చెయ్యి."

"వాడు చేస్తడు."

"మాటన్నది వాడా?"

శివకృష్ణ నంబరు కలిపి, స్పీకరు పెట్టి, ఫోను తండ్రి చేతికిచ్చాడు.

"నేను, బిడ్డా. మామను."

బీరన్న ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మీ అమ్మ పానం ఎట్లున్నది?"

"మంచిగనే..." స్వర్ణ నాలుక కరచుకున్నది. "ఇప్పుడిప్పుడే జర మంచిగయితున్నది మామా."

"గొర్లు ఐలేశం నార్ల వడ్డయి. జర పాడు."

"నా పాటకు పీనుగ లేస్తదంటిరి గద."

ఐలేశం కూడా అరుపు మాని ఇటు చూశాడు.

"నిజమే, అన్న నేను," అన్నాడు బీరన్న. "గా గొర్రెపిల్ల కడుపులనే అడ్డం తిరిగె. నువ్వొచ్చినా దక్కకపోతుండె."

మడిలో గొర్రెలు ఇంకో వరుస నారు పీకాయి.

"ఇగ పాడుతవా, నన్ను వీనితోని తిట్లు తినుమంటవా?"

ఫోనులో స్వర్ణ పాట ఎత్తుకున్నది; మొదటి చరణం తడబడింది. రెండవది నిలదొక్కుకున్నది.

నారుమడిలో తలలు లేచాయి.

హారతి పళ్ళెం పట్టినట్టు రెండు చేతులా ఫోనెత్తి బీరన్న గట్టు వెంట ముందు నడిచాడు. వెనుక మంద. మంద వెనుక, ఒక్క అదిలింపైనా లేకుండా, శివకృష్ణ.

చివరి గొర్రె దొడ్లోకి దూరింది. శివకృష్ణ తడికకు తాడు బిగించాడు. బిగించిన తరువాత కూడా అక్కడే, తడిక పట్టుకొని, ముఖం ఇటు తిప్పకుండా నిలబడ్డాడు.

పాట ఆగింది.

"అన్నీ దొడ్ల వడ్డయా మామా?"

బీరన్న మందను చూశాడు. కొడుకు వీపును చూశాడు. గొర్రెల అరుపులు సోకకుండా ఫోనును తలరుమాలు చాటుకు తీసుకున్నాడు.

"ఏడ వడ్డయి! ఒక్కటన్న కదలలే," అని కసిరాడు. "గీ ఫోన్ల నీ గొంతు వాటికి వినొస్తలేదు బిడ్డా."