మొదటి వరుస కుండీలు

“నలభై ఐదో రోజు కూడా ఇంత పచ్చగా ఎలా ఉన్నాయి పెద్దమ్మా ఇవి?”

కెమిస్టు మొదటి వరుస కుండీల ముందు గొంతుక్కూర్చుని మొక్కజొన్న ఆకును తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఈపాటికి అది పాలిపోవాలి. ఆకు ఈనెల నడుమ పసుపు చారలు తేలాలి. మాయదారి ఆకు, రెండో వరుస ఎంత కళగా ఉందో ఇదీ అంతే కళగా ఉంది.

“నా చేతి చలవ బాబూ,” అని మురిసిపోయింది పెద్దమ్మ.

ఆ అద్దాల షెడ్డులో మొక్కలకు నీళ్లు పోసే ఆమెను ఫ్యాక్టరీ మొత్తం పెద్దమ్మ అనే పిలుస్తుంది. కిటికీ గట్టు మీద ఆమె ఆస్తంతా ఉంటుంది: ఒక దువ్వెన, ఒక మంచినీళ్ల సీసా, అరచేతిలో పట్టే రాతి రోలు. బీపీ మాత్ర గొంతు దిగదని ఆ తెల్ల మాత్రను అందులో నూరుకుని తాగుతుంది. కొత్తగా ఎవరు చేరినా తన కూతురి సంగతి చెప్పకుండా వదలదు. పందొమ్మిదేళ్ల పిల్ల, పాలిపోయి పాలిపోయి పోయింది. ఒంట్లో ఇనుము లేదని డాక్టరు చెప్పేసరికే ఆలస్యమైపోయింది.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేదీ ఇనుమూ జింకూ కలిపిన తుప్పు రంగు గుళికలే. పైరుకు చిటికెడు చాలు, కానీ ఆ చిటికెడూ లేకపోతే పంట గిడసబారిపోతుంది. పొడిగా చల్లితే నాలుగు తడులకే కొట్టుకుపోతుంది కాబట్టి గుళిక మీద పల్చటి పూత వేస్తారు. పూతలోంచి మందు తొంభై రోజులపాటు కొద్దికొద్దిగా వేళ్లకు అందుతుంది. ఆ పూత కెమిస్టు ఆరేళ్ల కష్టం.

అది పనిచేస్తుందని రుజువు చెయ్యడానికే ఈ ఇరవై నాలుగు కుండీలు. అన్నింట్లోనూ కడిగిన ఇసుకే. రెండో వరుసకు విత్తిన రోజే గుళికలు వేశాడు. మొదటి వరుసకు వెయ్యలేదు. ఇవి పాలిపోతేనే అవి పచ్చగా ఉండటానికి విలువ. విత్తిన రోజు పెద్దమ్మ, “ఇవేం పాపం చేశాయి బాబూ?” అని అడిగింది. చెప్పబోతుంటే ఫోను మోగింది. తర్వాత ఆ మాటే మరిచిపోయాడు.

తొంభయ్యో రోజుకు తేడా కనబడకపోతే పూత విభాగం మూసేస్తానని యజమానురాలు తెగేసి చెప్పింది. అంటే పద్దెనిమిది మంది రోడ్డున పడతారు. కెమిస్టు కంటి మీద కునుకు కరువైంది. ముందు ఇసుకను అనుమానించాడు. తర్వాత కుళాయి నీళ్లు పరీక్షించాడు. రెండింట్లోనూ ఏమీ దొరకలేదు. మొదటి వరుస ఆకులను పరీక్షిస్తే మాత్రం ఇనుము నిండుగా ఉంది.

ఎవరో చెయ్యి పెట్టారు. ఎవరో తెలుసుకోవడానికి పెద్ద బుర్ర అక్కర్లేదనిపించింది. ప్రొడక్షన్ మేనేజరు మొదటి నుంచీ ఈ పూతంటే ఒంటికాలి మీద లేస్తాడు. అద్దాల షెడ్డు దగ్గర రెండుసార్లు కనిపించాడు కూడా. పైగా షెడ్డులో షెల్ఫు మీద పెట్టిన డబ్బాలో గుళికలు సగానికి దిగాయి.

కెమిస్టు షెడ్డుకు తాళం కొనుక్కొచ్చి, తాళంచెవి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. నువ్వు తప్ప పురుగు కూడా లోపలికి రాకూడదన్నాడు. ఆమె దానికి తాడు కట్టి మెళ్లో వేసుకుంది. ఆ రోజు నుంచి ఇంటికి పోయే ముందు తాళాన్ని నాలుగుసార్లు లాగి చూసేది.

ఆ వారం మీటింగులో కెమిస్టు ఉండబట్టలేక అందరి ముందూ మేనేజరును దొంగ అనేశాడు. తల నెరిసిన ఆ మనిషి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“నీ పూత నాకు నచ్చలేదయ్యా, నిజమే,” అన్నాడు. “కానీ మొక్కల జోలికి నేనెందుకు పోతాను?”

కెమిస్టు నమ్మలేదు.

తొంభయ్యో రోజు యజమానురాలు రెండు వరుసల మధ్య అటూ ఇటూ నడిచింది. తాళం వేసి నలభై రోజులు దాటినా మొదటి వరుస నవనవలాడుతూనే ఉంది.

“దేనికి వేశారో, దేనికి వెయ్యలేదో మీరు చెప్తేగానీ తెలియట్లేదు,” అంది. “మరి రైతు దీన్ని ఎందుకు కొనాలి?”

తాళం ఉండగా కెమిస్టుకు మేనేజరు మీద నెపం వెయ్యడానికీ లేదు. మధ్యాహ్నానికి పూత డ్రమ్ములు ఆగిపోయాయి. పద్దెనిమిది మంది టిఫిను డబ్బాలు సర్దుకుని, అతని వైపు చూడకుండానే గేటు దాటారు. అతను మేనేజరు గదికి వెళ్లి క్షమాపణ అడిగాడు. ఆయన తలెత్తలేదు.

తిరిగొచ్చి షెడ్డులో నేల మీదే కూలబడ్డాడు. ఆరేళ్ల పూత వట్టిదేనని ఒప్పుకోక తప్పలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

పెద్దమ్మ మెళ్లోని తాళంచెవి తీసి అతని పక్కన పెట్టింది. ఆమెనూ రేపటి నుంచి రావద్దన్నారు. దువ్వెన, సీసా సంచిలో వేసుకుంది. రోలు కడగడానికి తీసింది. దాని అడుగున తుప్పు రంగు మరక గట్టిగా పట్టేసి ఉంది. కెమిస్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

“ఊరుకోండి బాబూ,” అంటూ ఆమె పక్కన కూర్చుని అతని భుజం నిమిరింది. “ఎవరేమన్నా మీ మొక్క ఒక్కటీ పాలిపోలేదు. ఆ పని మీద నా పిల్ల మీదున్నంత ధ్యాస పెట్టాను.”

అతను తల ఊపాడు.

“మొదటి వరుసని ఒక్క రోజు కూడా పస్తుంచలేదు.”